వెలుతురుకు పట్టిన వరఖు

సోమాచారి ముందు మూడు చిన్న పుస్తకాలున్నాయి. కాగితానికీ కాగితానికీ నడుమ ఒక్కో బంగారు వరఖు. మిఠాయి మీద అద్దే వెండి వరఖు లాంటిదే, గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోతుంది. ఆ మూడింటిలో ఒకటి ఎంచి, అత్తరు దుకాణం గుమ్మం మీదికి వెళ్లే అద్దానికి వెనకవైపు పరచాలి. ఆపైన నల్లరంగుతో అక్షరాలు తిరగేసి రాసి, మిగతా వరఖు తుడిచేస్తే, వీధిలో నడిచేవాళ్లకు అవి సూటిగా, బంగారంలా కనిపిస్తాయి.

అలాంటి అక్షరాలే ఒకనాడు చార్మినార్ వెనక సందులో చూసి మనసు పారేసుకుని, ఇంట్లో నగల పని వదిలేసి వచ్చాడు సోమాచారి. వచ్చి ఆరేళ్లయింది. ఆరేళ్లూ అద్దాలు కడిగాడు, జిగురు నీళ్లు కాచాడు, రంగు నూరాడు. వరఖు మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు ఉస్తాద్ కుద్రత్ సాహెబ్.

ఆ పొద్దున మాత్రం ఆయనే పిలిచాడు.

"చారీ, నా కండ్లకు పొర వచ్చింది. చెయ్యి వణుకుతున్నది. అత్తరు సాబ్ లోపలి గుమ్మానికి గూడ ఇంకో అద్దం రాయమన్నడు, నాతోని కాదన్న. ఈ ఒక్కటి నువ్వు చెయ్యి. వరఖు నువ్వే ఎంచు. ఒక్క కన్నం లేకుండ పరిచినవంటే నా కుంచె నీది, దుకాణం నీది. లేకుంటే ఇదే ఆఖరు అద్దం. తాళమేస్త."

సోమాచారికి కాళ్లు నేల మీద ఆనలేదు. భయం లేకపోలేదు గానీ, సంతోషం దాన్ని గుటుక్కున మింగేసింది. బంగారం ఎంచమన్నది ఎవర్ని? ఏడు తరాల కంసాలి ఇంట పుట్టినవాణ్ణి! గొలుసు అరచేతిలో పడితే చాలు, కల్తీ ఎంతో చెప్పేసే ఇల్లు వాళ్లది.

పరుగున వెళ్లి తన పెట్టె అడుగునుంచి తాత గీటురాయి తీశాడు. ఊదుగొట్టం తీశాడు. దీపం ముట్టించాడు. అద్దాల పనివాడెవడూ కలలో కూడా చెయ్యని పని మొదలుపెట్టాడు మహానుభావుడు. ఒక్కో పుస్తకంలోంచి ఒక్కో వరఖు తీసి, బొగ్గు మీద ఉండచుట్టి కరిగించాడు.

మొదటిది నల్లగా మాడి ఊరుకుంది.

"ఇత్తడి ఉస్తాద్! ఇది ఇత్తడి!" అని కేకేశాడు. పక్క దుకాణంలో గాజులమ్మే ఆవిడ తొంగిచూసింది.

రెండోది, మూడోది కరిగి ఆవగింజంత గుండ్లయ్యాయి. రాయి మీద గీశాడు. గీతలు చూసి అతని కళ్లు మెరిశాయి.

"ఇది కొంచెం రాగి కలిసిన బంగారం. ఇది చూడుండ్రి, మేలిమి! పిసరంత కల్తీ లేదు. ఇదే మన అద్దానికి."

"వహ్వా" అన్నాడు ఉస్తాద్. నిజంగానే మెచ్చుకున్నాడు.

తర్వాత ఆ మేలిమి గుండును తడుముకుంటూ పట్టకారుతో అందుకుని, కడిగి పెట్టిన పెద్ద అద్దం నడుమ ఉంచాడు.

"ఇగో నీ బంగారం. గులాబీ అత్తరు అని రాయాలె. 'గు' తోని మొదలుపెట్టు."

గుండు అద్దం మీద దొర్లుకుంటూ పోయి, అంచు దాటి, నేల మీద ఎక్కడో పడింది. సోమాచారి దాన్ని వెతకడానికి కూడా వంగలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

గీటురాయి మూటగట్టి పక్కన పెట్టాడు. రెండు గాజు ముక్కలు తీసి జిగురు నీళ్లతో తడిపి, ఒకదాని మీద మేలిమి వరఖు, రెండోదాని మీద రాగి కలిసిన వరఖు పరిచాడు. ఆరేదాకా విసనకర్రతో మెల్లగా విసిరాడు. చూస్తే మళ్లీ మేలిమిదే ఎక్కువ మెరుస్తోంది. అతనికి మళ్లీ ఆశ పుట్టింది.

ఉస్తాద్ మేలిమి ముక్కను కిటికీలోని ఎండకు ఎత్తిపట్టాడు.

జల్లెడలోంచి చూసినట్టు చుక్కలు చుక్కలుగా ఎండ ఇవతలికి వచ్చింది. లెక్కలేనన్ని కన్నాలు. మేలిమి మెత్తన, పలచగా సాగగొట్టేటప్పుడు చిల్లులు పడ్డాయి.

రెండో ముక్క ఎత్తాడు. ఒక్క చుక్క లేదు. కానీ ముక్కంతా లేత అరిటాకులాగా పచ్చగా వెలిగింది.

"ఉస్తాద్!" సోమాచారి గొంతు కీచుమంది. "బంగారం పచ్చగున్నది!"

ఆ ముక్క లాక్కుని తనే ఎండకు పట్టాడు. దించి చూశాడు, పసుపు. ఎత్తి చూశాడు, పచ్చన. నవ్వాడు. మళ్లీ ఎత్తాడు. ఏడు తరాలు! ముత్తాతలెవరైనా ఇది చూశారా? ఎవరూ చెప్పలేదేం?

"మీవోళ్లు బంగారం మీద పడే వెలుతురు చూసిండ్రు బేటా" అన్నాడు ఉస్తాద్. అంతే అన్నాడు.

ఇంక సోమాచారిని పట్టేవాళ్లు లేరు. రాగి కలిసిన వరఖు పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ఉస్తాద్ జేబులోంచి ఉడుత వెంట్రుకల కుంచె తీసి అతని చేతిలో పెట్టాడు. దాన్ని చెంపకు ఒకసారి రాసుకుంటే చర్మం మీది జిడ్డు అంటుతుంది, ఆ జిడ్డుకే వరఖు అంటుకుని వస్తుంది. కుంచె అద్దం దగ్గరికి తెచ్చాడో లేదో, వరఖు ఎగిరి తడి మీదికి దూకింది. అతని గుండె కూడా దూకింది. ఒకటి, రెండు, పది, పద్దెనిమిది. మధ్యాహ్నం అన్నం మాటే మరిచాడు. పని ముగించి, కుంచెను కళ్లకద్దుకుని ఉస్తాద్‌కు తిరిగిచ్చాడు.

అద్దం ఆరింది. ఇద్దరూ కలిసి దాన్ని కిటికీ దగ్గర నిలబెట్టారు. పచ్చటి వెలుతురు గదంతా పరుచుకుంది. సోమాచారి ఒళ్లు పులకరించింది. ఈ మూల నుంచి ఆ మూలకు చూసుకుంటూ వచ్చాడు.

సరిగ్గా 'త్త' ఒత్తు పడే చోట, ఒక తెల్లటి చుక్క.

ఉస్తాద్ అప్పటికే నల్లరంగు డబ్బా మూత తీసి పట్టుకుని ఉన్నాడు. పొర కమ్మిన కళ్లు అద్దం వైపే ఉన్నాయి గానీ, ఆ చుక్క ఆయనకు కనిపించదని సోమాచారికి తెలుసు.

"అయిందా బేటా? అక్షరాలు మొదలుపెడుదమా?"

నలుపు పడితే అది చిన్న మచ్చగా మిగులుతుంది. అంత ఎత్తున గుమ్మం మీద దాన్ని చూసేదెవరు? అయిందని ఒక్క మాట అంటే చాలు. కుంచె తనది. దుకాణం తనది. ఆరేళ్లు కళ్ల ముందు తిరిగాయి.

"కాలేదు ఉస్తాద్" అన్నాడు. "ఒక కన్నం పడ్డది. 'త్త' ఒత్తు పడే చోట. ఆవగింజంత."

ఉస్తాద్ డబ్బా మీద మూత పెట్టాడు. లేచి నిలబడ్డాడు. గోడ మేకుకు తాళం వేలాడుతోంది. సోమాచారి తల వంచుకున్నాడు.

చేతిలో ఏదో మెత్తగా తగిలింది. చూస్తే కుంచె.

"చిన్న ముక్క అతికించు" అన్నాడు ఉస్తాద్. "అది ఆరేలోపు ఉరికిపోయి అత్తరు సాబ్‌ను అడిగిరా, లోపలి గుమ్మం అద్దం ఎన్నడు పంపుతడో."