చెంబుకు తల లేదుగా!

ఒకప్పుడు ఆవు పాలు ఎవరడిగినా వచ్చేవి. పొదుగు కింద చెంబు పెట్టి పట్టుకుంటే చాలు, జలజలా కారిపోయేవి. దూడతో పనే లేదు. నవ్వకండి, నిజం!

ఆ రోజుల్లో చెంగల్రాయుడని ఒక రైతు ఉండేవాడు. ఉన్నవి మూడే ఆవులు. మీసాలు మాత్రం మూడొందల ఆవులున్నవాడివి. పైగా ఆయనకు జున్ను పిచ్చి. ఆవు ఈనగానే వచ్చే తొలిపాలతో జున్ను వండించి, వీధంతా పంచాలి. "చెంగల్రాయుడి జున్నే జున్ను!" అని అందరూ అనాలి.

ఆ ఏడు మూడావులూ ఒకే నెలలో ఈనడానికొచ్చాయి. ముందు మచ్చావు ఈనింది. దూడ ఒళ్ళు ఆరకముందే ఈయన చెంబుతో తయారు. తొలిపాలన్నీ పిండుకుపోయాడు. దూడ లేవబోయి పడి, లేవబోయి పడి, మూడో రోజుకు చచ్చిపోయింది. పాపం, మచ్చావు రెండు రోజులు గడ్డి ముట్టలేదు. తర్వాత కర్రావు ఈనింది. దాని దూడకీ అదే గతి.

"దిష్టి తగిలింది" అన్నాడు చెంగల్రాయుడు, మీసానికంటిన జున్ను తుడుచుకుంటూ.

"దిష్టీ లేదు, నీ బొందా లేదు. పాలు లేక చచ్చాయి!" అని అరిచింది పెళ్ళాం మునెమ్మ. వింటేగా!

ఇక పుల్లావు వంతు. నొప్పులు మొదలవగానే అది పొట్ట కిందికి తల తిప్పింది. తన పొదుగును గట్టిగా నిలదీసింది.

"ఏమే పొదుగా, సిగ్గు లేదూ? ఎవడు చెంబు పట్టినా కారిపోవడమేనా? నా బిడ్డా చావాలా?"

పొదుగుకు ఏడుపొచ్చింది. "నాకేమన్నా కళ్ళున్నాయా అక్కా? కిందున్నది చెంబో, దూడ మూతో నాకెట్లా తెలుస్తుంది?"

పుల్లావుకు ఉపాయం తట్టింది. "అయితే ఒక పని చెయ్. తలతో కుమ్మితేనే పాలు దించు. లేకపోతే బిగబట్టుకో. చెంబుకు తల లేదుగా!"

పుల్లావు ఈనింది. చెంగల్రాయుడు చెంబుతో ఉరికొచ్చాడు. పిండాడు, పిసికాడు, బతిమాలాడు. చుక్క రాలేదు.

ఇంతలో దూడ వణుకుతూ లేచింది. పడింది. మళ్ళీ లేచి, పొదుగును తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పాలు దిగాయి!

"ఓహో, ఇదా కిటుకు!" అని చెంగల్రాయుడు దూడను పక్కకు లాగేశాడు. తలపాగా తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, తనే కుమ్మాడు.

"అక్కా, అక్కా! ఈ దూడకు మీసాలున్నాయే!" అని కేక పెట్టింది పొదుగు.

పుల్లావు తన్నిన తన్నుకు ఆసామి వెళ్ళి పేడకుప్పలో పడ్డాడు. మునెమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే దూడను తెచ్చి పొదుగు దగ్గర వదిలింది. అది కడుపునిండా తాగి, తోక ఎత్తుకుని చిందులేసింది. మచ్చావూ కర్రావూ కళ్ళనీళ్ళతో దాన్ని చెరో వైపూ నాకాయి.

"ఇప్పుడు రావయ్యా" అంది పుల్లావు. చెంగల్రాయుడికి అరచెంబు దక్కింది.

అప్పటినుంచే దూడ వచ్చి కుమ్మితే గానీ ఆవు పాలు దించదు. ఎంత మీసమున్న మొనగాడైనా సరే, దూడ తాగేదాకా చెంబు పట్టుకుని పక్కన గొంతుక్కూర్చోవాల్సిందే.