కోటగోడకి కడుపొచ్చింది

బొంతల వాళ్ళింట్లో తెలివి ఎక్కువైపోయి, ఎవరికైనా పంచిపెడదామా అని చూస్తుండేవారట. మా వాళ్ళే లెండి, ఆ ఆస్తిలో నాకూ వాటా వచ్చింది. అందులోనూ చిన్నవాడు పుల్లన్న, తనంత తెలివైనవాడు ఎర్రమన్నుకోటలోనే లేడని పొద్దున్నే లేచి తనకి తనే చెప్పుకునేవాడు.

ఆ ఊరి చుట్టూ పాతకాలం నాటి మట్టి కోటగోడ. అవతల వాగు. గోడ ఉంటేనే ఊరు. దాన్ని బాగుచేసే పని ఆ ఏడు పుల్లన్నకీ, వాళ్ళన్న ఓబులేసుకీ అప్పజెప్పారు. మస్తాన్ మేస్త్రి వచ్చి, ముందుకి ఉబ్బిన గోడని చూసి నొసలు చిట్లించాడు.

"గోడకి కడుపొచ్చిందయ్యా! జాగ్రత్తగా చూసుకోండి. సున్నం తీసుకుని రేపొస్తా."

ఇంకేముంది! పుల్లన్న ఇంటికి పరిగెత్తాడు.

"వదినా, గోడ నీళ్ళోసుకుంది!"

ఓబులేసు పెళ్ళాం గంగులమ్మ బుగ్గన వేలేసుకుంది. "అయ్యో, ఎన్నో నెల?"

"చూస్తే నిండునెలల్లాగే ఉంది."

"పాపం, దానికి పుట్టింటివాళ్ళు కూడా లేరు. సీమంతం మనమే చెయ్యాలి."

అంతే. గంపెడు గాజులు తెచ్చారు. గోడకి చేతులేవి? పుల్లన్న బాగా ఆలోచించి గోడ నిండా మేకులు కొట్టాడు. మేకుకో గాజు. గోడ పెళపెళమంది.

"నొప్పులొస్తున్నాయి! వేణ్ణీళ్ళు!" అని అరిచాడు.

కాగుల కొద్దీ కాచి పోశారు. మట్టిగోడ ఎంతకని ఓర్చుకుంటుంది? ధబ్బున కూలి, బండి పట్టేంత గండి పడింది.

మర్నాడు మేస్త్రి వచ్చేసరికి గంగులమ్మ ఓ పెద్ద మట్టిపెళ్ళని పాతచీరలో చుట్టి జోకొడుతోంది.

"గోడేదయ్యా?"

పుల్లన్న కళ్ళు తుడుచుకున్నాడు. "తల్లి దక్కలేదు మేస్త్రీ. పిల్ల క్షేమం. అచ్చం తల్లి పోలికే."

మేస్త్రి నెత్తి బాదుకున్నాడు. "మబ్బు చూశారా? వాగొస్తే ఊరేమైపోవాలి? మీ బుర్రల్లో మట్టి తీస్తే చాలు కదరా, ఈ గండి నిండిపోతుంది!" అంటూ జనాన్ని పిలవడానికి పరిగెత్తాడు.

పుల్లన్నకి సిగ్గేసింది. ఇంత మట్టి దగ్గర పెట్టుకుని ఊరికి ఇవ్వకుండా కూర్చున్నామా అని!

ఊరంతా పారలూ గంపలూ తెచ్చి, వాగు పొంగేలోగా గండి పూడ్చేసింది కాబట్టి సరిపోయింది. ఆ పక్కనే మనవాళ్ళు ముగ్గురూ వరసగా కూర్చుని, తలలు పక్కకి వాల్చి, పై చెవి మీద దబదబా కొట్టుకుంటున్నారు.

ఎంతకీ ఏమీ రాలకపోయేసరికి పుల్లన్న అన్నాడు కదా:

"నాది గట్టిమన్ను అన్నా! చెవిలో కాసిని నీళ్ళు పొయ్యి. నానితే గానీ రాదు."