గడి కుక్కలకు నేర్పిన నిమ్మళం

వెనకటికి ఒక దొర గడిలో వేటకుక్కలు వచ్చిన చుట్టాలందరి మీదికీ ఎగబడేవి. ఎవరెంత అరిచినా అవి ఇంట్లో కదలకుండా ఉండేట్టు నేర్పమని, వాటికి కూడు పెట్టే వెట్టిమనిషి ఈరమ్మకు దొర చెప్పాడు. నిరుడు దొర ఉసిగొలిపితే ఆమె పెద్దకొడుకును చంపినవి ఆ కుక్కలే. అయినా ఆమె కాదనలేదు. ఆమెకు ఇంకా చిన్నకొడుకు ఉన్నాడు.

కేక వినగానే పడుకున్న కుక్కకే ఆమె మాంసం వేసింది.

అవి కుదురుకున్నాక, వెట్టికి రాలేదని దొర ఆ చిన్నవాణ్ణి చుట్టాల ముందుకే ఈడ్పించాడు. "ఉస్కో!" అన్నాడు. కుక్కలు పడుకున్నాయి. గొంతు చించుకున్నాడు. అవి తలలు కూడా నేలకు ఆనించాయి.

"ఏం నేర్పినవే వీటికి?"

"మీరు చెప్పిందే, దొరా. మీరెంత అరిస్తే అవంత నిమ్మళం."

చుట్టాలు పకపకా నవ్వారు. ఈరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నా పెద్దోడు గూడ ఇక్కడ్నే అరిచిండు, దొరా. అప్పటికి వీటికి మీ చదువే వచ్చు."