ఏనుగుబండ దగ్గర ఆగిన రోడ్డు

ఓబులేసు కోపంగా దర్గా మెట్లెక్కాడు. ఎంత కోపమంటే చెప్పులు విడవడం మరిచిపోయి, సగం దాకా వచ్చి, మళ్లీ కిందికి పోయి విడిచి వచ్చాడు.

దాదాసాబు చాప మీద కూచొని ఎండుమిరపకాయలకు తొడిమెలు తీస్తున్నాడు. దర్గాకు వచ్చినవాళ్లకు ఆయనే వండి పెడతాడు. ఆయన మోకాళ్లు పనిచేయడం మానేసి రెండేళ్లయింది.

"సాబూ, అన్యాయం జరిగింది," అన్నాడు ఓబులేసు.

"కూచో. నువ్వూ నాలుగు తొడిమెలు తియ్యి."

ఓబులేసు కూచోలేదు.

అతను యూనివర్సిటీలో చదువుకునే పిల్లవాడు. మూడేళ్ల కింద సేవా క్యాంపుకని ఈ ఊరొచ్చి, ఒక సాయంత్రం దాదాసాబు దగ్గర కూచున్నాడు. అప్పట్నుంచి ఆయన్నే గురువనుకొని, సెలవు దొరికితే చాలు వచ్చేవాడు. ఈ ఏడు క్యాంపుకు అతనే పెద్ద. ఊరి నుంచి బస్సు ఆగే తారురోడ్డు దాకా మట్టిరోడ్డు వెయ్యాలని ఇంకో యూనివర్సిటీ పిల్లలతో కలిసి అనుకున్నారు. వీళ్లు పడమట ఊరి వైపు నుంచి, వాళ్లు తూర్పున తారురోడ్డు వైపు నుంచి వేసుకుంటూ రావాలి. నడుమ వంక ఉంది, వాన పడితేనే పారే వాగు. వంకలో ఏనుగంత బండ ఉంది. ఆ బండకు ఎడమ పక్కన రెండు రోడ్లూ కలవాలి. అంతా ఫోన్లోనే మాట్లాడుకున్నారు.

పది రోజులు పనిచేశారు. అరిచేతులు బొబ్బలెక్కాయి. కానీ ఒక్కరోజైనా వీళ్లు వాళ్ల దగ్గరికి పోయిందీ లేదు, వాళ్లు వీళ్ల దగ్గరికి వచ్చిందీ లేదు. గట్టిగా పిలిస్తే వినబడేంత దూరం. తీరా చూస్తే వీళ్ల రోడ్డు బండకు ఒక పక్క తేలింది, వాళ్ల రోడ్డు ఇంకో పక్క తేలింది. నడుమ వంకలో నలభై అడుగుల మేర ఇసుక, రాళ్లు, ముళ్లకంప.

"ఎడమ అంటే ఎడమే కదా సాబూ. మేము బండకేసి తిరిగి నిలబడితే మా ఎడమచేతి వైపే వేశాం. ఆ అమ్మాయి ఏమంటదో తెలుసా? వాళ్లు కూడా బండకేసి నిలబడి, వాళ్ల ఎడమచేతి వైపే వేశారంట. తప్పు మాదంట."

"ఏ అమ్మాయి?"

"హేమలత. వాళ్ల క్యాంపు పెద్ద. మమ్మల్ని రోడ్డు తిప్పుకోమంటది. మేమెందుకు తిప్పుకోవాల? వంకలో నీళ్లు పోవడానికి సిమెంటు తూములు మేము తెచ్చాం. వాటి మీద పొయ్యాల్సిన కంకర, ట్రాక్టరు వాళ్ల దగ్గరున్నాయి, ఇవ్వరంట. ఈ పొద్దు సాయంత్రం రెండు క్యాంపులూ ఎత్తేస్తున్నాం. వాళ్లు అప్పుడే వాళ్ల పేరుతో బోర్డు పాతుకున్నారు."

"మీరు?"

"మేమూ పాతాం," అన్నాడు ఓబులేసు కాస్త మెల్లగా. తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. "మీరు దీంట్లో సంతకం పెట్టాల సాబూ. తప్పు వాళ్లదని. ఊళ్లో మీ మాట ఎవరూ కాదనరు. రెండు యూనివర్సిటీలకూ పంపిస్తా."

దాదాసాబు కాగితం అందుకొని, చదవకుండానే మడిచి జుబ్బా జేబులో పెట్టుకున్నాడు.

"చూడకుండా ఎట్లా పెట్టేది? రోడ్డు చివరిదాకా పోయి పెడతా. గంగులమ్మనడిగి దాని కూతురి కుర్చీ పట్టుకురా."

గంగులమ్మ ఇల్లు దర్గా పక్కనే. ఆమె కూతురు రేణుకకు పుట్టినప్పట్నుంచీ కాళ్లు రావు. పదో తరగతి చదువుతోంది. పొద్దున్నే కూతుర్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ బస్సు దాకా తీసుకుపోవడం గంగులమ్మ పని. ఓబులేసు పోయేసరికి రేణుక అరుగు మీద కూచొని చదువుకుంటోంది.

"తీసుకుపో నాయనా," అంది గంగులమ్మ. "సోమవారానికి మాత్రం మాకు కావాల. పరీక్షలు మొదలైతాయి." అని, ఏం తోచిందో, తనూ వెనకాలే బయల్దేరింది.

కొత్తరోడ్డు మీద కుర్చీ బాగా పోయింది. దాదాసాబు అటూ ఇటూ చూస్తూ, "బాగా వేశారబ్బీ," అన్నాడు. ఓబులేసుకు కడుపు నిండింది. వంక గట్టు దగ్గర, తమ బోర్డు పక్కన కుర్చీ ఆపాడు.

"ఇదే సాబూ చివర."

"బస్సు ఇక్కడ ఆగుతుందా?"

"ఇక్కడెందుకు ఆగుతది? తారురోడ్డు మీద."

"అయితే ఇది చివరెట్లా అయితుంది? పద."

ఓబులేసు వంకలోకి చూశాడు. గురువు మొహంలోకి చూశాడు. కుర్చీని వెనక్కి తిప్పి, గట్టు మీంచి మెల్లగా దించాడు. నాలుగడుగులు పోయాయో లేదో చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. తోస్తే ముందుకు రాదు, లాగితే వెనక్కి రాదు.

అవతలి గట్టు మీద హేమలత పారలన్నీ లారీకెక్కిస్తోంది. ఇటు చూసి ఆగింది.

"ఏం బ్రదర్, మీ ఎడమ పక్క అంత బాగుందా?" అంది.

"మీ పని మీరు చూసుకోండి మేడమ్."

కుర్చీ పక్కకు ఒరిగింది. దాదాసాబు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. హేమలత నవ్వు ఆపేసి వంకలోకి దూకి వచ్చింది. చెరొక పక్క పట్టుకొని, మనిషితో సహా కుర్చీని పైకెత్తారు. ముళ్లు తప్పించుకుంటూ, రాళ్ల మీద తడబడుతూ బండ చుట్టూ నడిచారు. సగం దూరం పోయేసరికి ఇనుము వేళ్లను కోసేస్తోంది.

"సాబూ, ఒక్క నిమిషం దించుతాం," అన్నాడు ఓబులేసు.

"ఈ రాళ్ల మీదనా? పడిపోతా. దించొద్దు." దాదాసాబు తాపీగా జేబులోంచి కాగితం తీసి అతని మొహం ముందర పెట్టాడు. "ఇప్పుడు చదివి వినిపించబ్బీ. సంతకం పెడతా."

"చేతులు ఖాళీ లేవు సాబూ."

"అమ్మీ, నువ్వు చదువు."

హేమలత తల అడ్డంగా ఊపింది.

దాదాసాబు వెనక్కి తిరిగి, పడమటి గట్టు మీద నిలబడ్డ గంగులమ్మను పిలిచాడు.

"నువ్వెట్లా తీసుకుపోతావు తల్లీ, పిల్లను?"

"ఎట్లా ఏముంది సాబూ. మొదట దాన్ని భుజాన వేసుకొని ఆ గట్టున కూచోబెడతా. మళ్లా వచ్చి కుర్చీ ఎత్తుకుపోతా." గంగులమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అంతటితో ఊరుకునేదే. కానీ ఆమె రెండు బోర్డులనూ చూసింది. పక్కన వాడకుండా పడి ఉన్న తూములను చూసింది. అవతల కుప్పగా ఉన్న కంకరను చూసింది. "మీ పుస్తకాల్లో ఎడమ ఉంది, కుడి ఉంది. నా బిడ్డ లేదా నాయనా?"

మిగతా దూరం ఆ ఇద్దరూ ఆపకుండా మోశారు. తూర్పు గట్టెక్కించి, కొత్తరోడ్డు మీద కుర్చీ దించి, తారురోడ్డు దాకా తోసుకుపోయారు. బస్సు ఆగే చోట దాదాసాబు ఆపమన్నాడు. మోకాలి మీద కాగితం పరుచుకొని, ఓబులేసును పెన్ను అడిగాడు.

"చివరికొచ్చాం. చెప్పబ్బీ, తప్పు ఎవరిదని పెట్టమంటావు?"

ఓబులేసు పెన్ను ఇవ్వలేదు. అరిచేతుల్లో ఎర్రగా దిగిన గీతల్ని చూసుకుంటున్నాడు. పక్కన హేమలత కూడా తన చేతులే చూసుకుంటోంది. అతను కాగితం తీసుకొని నాలుగు ముక్కలుగా చించాడు.

"పోదాం రండి సాబూ. మిమ్మల్ని మళ్లీ మోసుకుపోయి ఇంట్లో దించుతాం."

"నేను మోయించుకోను," అన్నాడు దాదాసాబు. కండువా తల మీద వేసుకొని, ఎండకు కళ్లు మూసుకున్నాడు. "పోయేటప్పుడు రోడ్డు మీదే పోతా."

ఆ రోజు శనివారం. కుర్చీ సోమవారానికి కావాలి.

హేమలత వంక గట్టు మీది లారీ దగ్గరున్న తన క్యాంపు పిల్లల దాకా నడిచింది.

"పారలు దించండి," అంది.