ముందు వచ్చినవాడి పేలిక

పిల్లలూ, ఎవరైనా చెప్పండి చూద్దాం. కొండ అనేది ఒక దేశంలో ఉంటుందా, రెండు దేశాల్లో ఉంటుందా?

“ఒక దేశంలోనే అమ్మమ్మా,” అన్నాడు తన్మయ్, ఆలోచించకుండా.

“తప్పు. మ్యాప్‌లో గీత కొండల మీంచే పోతుంది. అంటే సగం ఇటు, సగం అటు,” అంది వాళ్ళక్క మేదిని.

గీత మ్యాప్ మీంచి పోతుందమ్మా, కొండ మీంచి పోదు. అక్కడికి వెళ్ళి చూస్తే మంచూ, రాళ్ళూ, గాలీ. అంతే. ఈ సంగతి నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఎన్నిసార్లు చెప్పినా ఎవడో ఒకడు లేచి “మరి గీత ఎక్కడుంది టీచర్?” అని అడిగేవాడు. సరే, వినండి.

మూడు దేశాలు కలిసే మూల ఒకటుంది అనుకోండి. ఇది కథ, మ్యాప్‌లో వెతక్కండి, దొరకదు. ఆ మూలన పక్కపక్కనే నాలుగు శిఖరాలు. చుట్టుపక్కల జనం వాటిని నలుగురు అక్కచెల్లెళ్ళు అంటారు. దక్షిణం వైపు లోయలో చిన్న బౌద్ధ మఠం. అక్కడి గురువు చోఫెల్ లామా. ఆయన శిష్యుడు రిగ్జిన్. మనకి కావలసింది ఈ రిగ్జిన్‌కి వచ్చిన చిక్కు.

ఆ సాయంత్రం రిగ్జిన్ గురువుగారి గుమ్మం దగ్గర చతికిలబడి ఉన్నాడు. భోజనానికి గంట కొట్టినా లేవలేదు. ఒళ్ళో చిరిగిన పసుపు పేలిక ఒకటి. మర్నాడు పొద్దున్నే ఊరంతా మఠానికి రాబోతోంది, అతని కోసమే.

ఎందుకంటారా? మనవాళ్ళకి శ్రీశైలంలో శిఖరం దూరం నుంచి కంటికి ఆనితే చాలు, జన్మ తరించిందంటారు. ఆ మఠంలో అలా కుదరదు. అక్కడ యాత్రికుల్ని కనుమ దాటించేవాడు మోకు ముందు కొస పట్టుకుని నడవాలి. వెనకాల ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ అదే మోకుని నడుముకి చుట్టుకుని వస్తారు. ముందువాడు జారితే అందరూ జారినట్టే.

అందుకని నలుగురు అక్కచెల్లెళ్ళనీ ఎక్కి వచ్చినవాడికే ఆ కొస ఇస్తారు. ఎక్కిన గుర్తుగా, తన చేత్తో నేసిన పసుపు పేలికని పైన రాళ్ళకుప్పకి కట్టి రావాలి. ఎవరి ముడి వాళ్ళది. రిగ్జిన్‌ది ఎడంచేతి ముడి, పీట ముడిలాగా బిగుసుకుపోయేది. మఠంలో ఇంకెవరికీ అది పడదు.

రిగ్జిన్ నాలుగూ ఎక్కి నిన్ననే తిరిగొచ్చాడని ఊరంతా తెలిసిపోయింది. రేపు అతనికి మోకు ఇస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ అబ్బాయి కోరుకున్నది ఆ ఒక్కటే.

“మరి సంతోషంగా ఉండాలిగా!” అన్నాడు తన్మయ్.

ఉండాలి. లేడు.

వంటచూసే పెద్ద శిష్యుడు కుంగా గరిటెతోనే బయటికి వచ్చాడు. “ఏమయ్యా మూడు దేశాల వీరుడా! మా మఠం జావ నీ గొంతు దిగడం లేదా? పైదేశాల వాళ్ళు పాయసం పెట్టారా ఏం?”

రిగ్జిన్ పేలికని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. కుంగా పక్కకొచ్చి నిలబడ్డాడు.

“రేపు నువ్వు మోకు పట్టుకుంటే నీ వెనక నడవాల్సినవాణ్ణి నేనే. కాస్త తిను నాయనా. ఆకలితో తూలావంటే నా ప్రాణం పోతుంది.”

“నేను పట్టుకోవచ్చో లేదో నాకే తెలియడం లేదు అన్నా,” అన్నాడు రిగ్జిన్.

లోపల్నుంచి చోఫెల్ లామా గొంతు వినిపించింది. “తెలియనివాడు గుమ్మంలో కూర్చుంటే తెలుస్తుందా? లోపలికి రా.”

గురువుగారు పొయ్యి పక్కన గొంగళి మీద కూర్చుని ఉన్నారు. బాగా పెద్దాయన. చూపు మందగించింది. రిగ్జిన్ ఆయన ముందు పేలిక పెట్టి, జరిగింది చెప్పాడు.

మొదటి మూడు శిఖరాలూ ఎక్కాడు. ఇక మిగిలింది చిన్నచెల్లెలు అనే నాలుగో శిఖరం. దానికి దారి ఉత్తర దేశం వైపు నుంచే ఉందని అందరూ అన్నారు. కొండల్ని చుట్టి, సరిహద్దు కాపలావాళ్ళని బతిమాలుకుని ఆ దేశం చేరాడు. అక్కడి ఊళ్ళో “చిన్నచెల్లెలు ఏది?” అని అడిగాడు. వాళ్ళు చెయ్యి చాపి చూపించారు. ఆ వైపంతా మంచే. పైగా పొగమంచు. చివరికొచ్చేసరికి మోకాళ్ళ మీద పాకాడు.

“పైకి తల ఎత్తేసరికి రాళ్ళకుప్ప కనబడింది గురువుగారూ. దానికి పేలిక కట్టి ఉంది. నాకంటే ముందు ఎవడో వచ్చేశాడు!”

“ఊఁ.”

“ఒళ్ళు మండిపోయింది. మా ఈడువాళ్ళలో ఇంకా ఎవరూ చిన్నచెల్లెల్ని ఎక్కలేదు, నేనే మొదటివాణ్ణి అనుకుంటూ వెళ్ళాను. దాన్ని పట్టుకుని లాగాను. ముడి రాలేదు. ఇంకా కోపం వచ్చింది. చింపేశాను. ముడితో సహా చేతికొచ్చిన ముక్కని లోయలోకి విసిరేద్దామని చెయ్యెత్తాను. అప్పుడు ముడి నా బొటనవేలికి తగిలింది.”

 గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డ కుంగా ఒకడుగు లోపలికి వేశాడు.

“ఎడంచేతి ముడి. అది నాదే గురువుగారూ.”

దయ్యమేమో అనుకున్నాడట పాపం. కొండదేవత ఆటపట్టిస్తోందేమో అని దణ్ణం కూడా పెట్టుకున్నాడట. అంతలో పొగమంచు విడింది. కింద అవతలివైపు పచ్చిక బయలు కనబడింది. అందులో రాళ్ళు పేర్చి కట్టిన గొర్రెలదొడ్డి. అది మఠం వెనకాల దొడ్డే! అంతకు ముందు వేసవిలో పెద్దక్కని ఎక్కినప్పుడు ఆ దొడ్డిలోనే తలదాచుకున్నాడు.

“అంటే ఎక్కిన కొండే మళ్ళీ ఎక్కాడా!” అంది మేదిని.

ఆఁ. ఎలాగో చెప్పు చూద్దాం.

మేదిని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. “తెలీదు.”

ఆ చుట్టుపక్కల ఎవరి దేశానికి దగ్గరగా ఉన్న కొండని వాళ్ళు పెద్దక్క అంటారమ్మా. దూరంగా ఉన్నది చిన్నచెల్లెలు. మనింటి మామిడిపండే తీపి అనుకోమూ, అలాగ. మరి దక్షిణం వాళ్ళకి దగ్గరది ఉత్తరం వాళ్ళకి ఏమవుతుంది?

“దూరం!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

“చూస్తే తెలీదా?” అన్నాడు తన్మయ్.

గేదెని ముందు నుంచి చూస్తే కొమ్ములు, వెనక నుంచి చూస్తే తోక. తోక మాత్రమే చూసినవాడికి కొమ్ములు చూపిస్తే అదే గేదె అని ఎలా పోలుస్తాడు? ఇటు నుంచి ఆ కొండ బండరాయి, అటు నుంచి తెల్లటి మంచు.

“ఫోన్‌లో మ్యాప్ చూసుకోవాల్సింది.”

అప్పటికి ఫోన్లు లేవు నాయనా. ఉన్నా అక్కడ సిగ్నల్ ఉండదు.

రిగ్జిన్ అసలు బాధ ఇంకా ఉంది. “ఇది ఒకటే కొండ అని ఇప్పుడు తెలిసింది. మరి రెండోదీ మూడోదీ? రెండోది వానలో ఎక్కాను, మూడోది ఇంకో దేశం నుంచి ఎక్కాను. రెండోదాని మీది పేలిక ఆ వానకే కొట్టుకుపోయి ఉంటే, అవీ ఒకటేనేమో! నేను ఎక్కినవి మూడా, రెండా? ఆలోచించినకొద్దీ తల తిరిగిపోతోంది. రేపు ఊరివాళ్ళ ముందు నిలబడి ఏమని చెప్పను? మీరే చెప్పండి గురువుగారూ, నేను ఎన్ని ఎక్కాను?”

చోఫెల్ లామా పేలికని అటూ ఇటూ తిప్పి చూశారు. “బాగానే నేశావు. సూది ఉందా?” అన్నారు.

“సూదా?”

“కుంగా, సూది తీసుకురా. దారం నా దగ్గర ఉందిలే.”

కుంగా సూది తెచ్చాడు. గురువుగారు తన ఎర్రటి అంగవస్త్రం అంచు నుంచి పోగు ఒకటి లాగారు. “నా కళ్ళకి ఆనదు. నువ్వు ఎక్కించు,” అని రిగ్జిన్ చేతిలో పెట్టారు.

“గురువుగారూ, నేను అడిగినది...”

“ఎక్కించు నాయనా.”

రిగ్జిన్ సూదిలోకి దారం పోనిచ్చాడు. పక్కకి పోయింది. తడిచేసి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ పక్కకే పోయింది.

“మంచుకొండల్లో దూరాడు గానీ సూదిబెజ్జంలో దూరలేకపోతున్నాడు,” అన్నాడు కుంగా.

అది విని రిగ్జిన్‌కి నవ్వొచ్చింది. నవ్వాక దారం దూరింది.

గురువుగారు కుట్టడం మొదలుపెట్టారు. వంకరటింకర కుట్లు. పసుపు మీద ఎరుపు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. తల ఎత్తకుండానే అడిగారు.

“ఇదెవరిది?”

“నాదే.”

“చింపేటప్పుడు ఎవరిది?”

రిగ్జిన్ పొయ్యిలోకి ఒక పుల్ల తోశాడు. “ఎవరిదో అనుకున్నాను.”

“ఆ ఎవరో నీకేం అపకారం చేశాడు?”

“ముందు వచ్చాడు.”

 గురువుగారు దారం కొరికి, పేలికని మడిచి రిగ్జిన్ చేతిలో పెట్టారు.

“అయితే వాడిది తీసుకెళ్ళి వాడికి కట్టి రా.”

“ఎవడికి గురువుగారూ? అక్కడ ఎవడూ లేడుగా! ఆ వచ్చింది నేనేగా!”

“నువ్వు చింపింది వాడిది. కట్టాల్సింది కూడా వాడిదే.”

“మరి రేపు మోకు?”

 గురువుగారు గొంగళి సర్దుకుని పడుకున్నారు.

చూశారా, ఎంత చిక్కులో పెట్టారో! ఉండిపోతే మోకు చేతికి వస్తుంది. ఊరివాళ్ళకి ఏ కొండ ఏదో తెలీదు, ఎవరూ అడగరు. గురువుగారు వద్దని కూడా అనలేదు. వెళ్ళిపోతే, తన కోసం వచ్చిన జనం ఏమనుకుంటారు? మోకు ఇంకొకరికి ఇచ్చేస్తే?

తెల్లవారింది. ఊరివాళ్ళు వెన్నముద్దలూ, పిండిమూటలూ పట్టుకుని మఠానికి ఎక్కి వస్తున్నారు. వాళ్ళకి ఎదురుగా మూట భుజాన వేసుకుని రిగ్జిన్ దిగి వెళ్తున్నాడు.

“అదేంటి బాబూ, పెళ్ళికొడుకే పందిట్లోంచి వెళ్ళిపోతే ఎలా?” అంది ఒక ముసలమ్మ. “ఈసారి నీ మోకు పట్టుకునే కనుమ దాటుదామని కూర్చున్నాను.”

“ఒకరి పేలిక చింపాను అవ్వా. కట్టి రావాలి.”

“ఎవరిది?”

  రిగ్జిన్ ఆవిడకి దణ్ణం పెట్టి ముందుకి నడిచాడు.

వెనకాల జనం గుసగుసలాడుకున్నారు. ఎత్తులో గాలాడక మతి పోయిందన్నారు. భయపడ్డాడన్నారు. కుంగా మాత్రం వెన్నముద్దలన్నీ లోపల దాచి, “వస్తాడు, కూర్చోండి,” అన్నాడట. ఎంతసేపు కూర్చుంటారు? లేచి వెళ్ళిపోయారు.

రిగ్జిన్ గొర్రెలదొడ్డి దాటి, బండరాళ్ళ వైపు నుంచి ఎక్కాడు. దారంతా అదే ఆలోచన. ముందు వచ్చినవాడు నేనే. వెనక వచ్చినవాడూ నేనే. మరి కోపం ఎవరికి, ఎవరి మీద? తేలలేదు. కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

పైకి చేరి తల ఎత్తాడు.

రాళ్ళకుప్పకి నీలం పేలిక కట్టి ఉంది.

కొత్తది. ఈ ముడి అతనిది కాదు. మఠంలో ఎవరిదీ కాదు. ఏ దేశం నుంచి, ఏ వైపు నుంచి ఎవరు ఎక్కారో, అతను కిందికి దిగి వెళ్ళాక వచ్చి కట్టి పోయారు.

 గాలి బాగా వీస్తోంది. నీలం పేలిక ఒక కొస ముడి వదులై, రాయికేసి టపటపా కొట్టుకుంటోంది.

ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో ఎవరూ చూడలేదు.

అతను తిరిగొచ్చేసరికి మఠంలో బాజాలూ లేవు, జనమూ లేరు. వాకిట్లో గురువుగారు ఎండకి కూర్చుని ఉన్నారు. కనుమ దాటాల్సిన యాత్రికులు కొందరు, ఆ పొద్దునే మఠం చేరినవాళ్ళు, అరుగు మీద కూర్చుని జావ తాగుతున్నారు. వాళ్ళలో, మళ్ళీ ఎక్కి వచ్చిన ఆ ముసలమ్మ కూడా ఉంది.

“కట్టావా?” అన్నారు గురువుగారు.

“కట్టాను.”

“ఎవరిది?”

రిగ్జిన్ తల గోక్కున్నాడు. “అది చెప్పలేను గురువుగారూ. అక్కడ ఇంకెవరిదో ఒకటి గాలికి ఊడిపోతోంది. ముందు అది బిగించాను. ఆ తర్వాత దాని కింద చోటుంటే మనదీ కట్టాను.”

చోఫెల్ లామా లేచి లోపలికి వెళ్ళారు. మోకు చుట్ట తెచ్చి రిగ్జిన్ భుజాన వేశారు.

“ఆ అమ్మకి మోకాళ్ళ నొప్పులట. మెల్లగా నడువు,” అన్నారు.

అంతే కథ.

“అంతేనా?” అన్నాడు తన్మయ్. “అదేంటి అమ్మమ్మా! ఇంతకీ రిగ్జిన్ ఎన్ని కొండలు ఎక్కినట్టు? మూడా, రెండా?”

“నాలుగూ ఎక్కకుండా మోకు ఎలా ఇచ్చారు?” అంది మేదిని. “రూలు ఉందిగా?”

ఉంది. మీరిద్దరూ అడుగుతున్నారు. రిగ్జిన్ మాత్రం మళ్ళీ అడగలేదర్రా.

“ఎందుకు అడగలేదు?”

చింతపండు పిక్కలు తీస్తూ సగంలో వదిలేసి వచ్చాను. ఈపాటికి చీమలు పట్టేసి ఉంటాయి. జరగండి, నన్ను లేవనివ్వండి.