సున్నా కింద బెల్లం

అనకాపల్లిలో కాటాలు బాగుచేసే సన్యాసిరావు మేస్త్రికి రెండు అలవాట్లు ఉండేవి. ఏ కాటానీ నమ్మడు. ఏ ప్రశ్నకూ నేరుగా జవాబు చెప్పడు. కూరగాయల బజారుకు వెళ్ళినా ముందు కొట్టువాడి కాటా పళ్ళెం ఎత్తి, అడుగు చూసి, ఆ తరవాతే వంకాయలు ఏరుకునేవాడు. ఇక ప్రశ్న అడిగినవాళ్ళకు ఏదో ఒక పని అప్పగించేవాడు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది. దొరకనివాళ్ళ వల్ల కనీసం దుకాణం శుభ్రపడేది.

ఆయన దగ్గర రెండేళ్ళుగా పని నేర్చుకుంటున్న హైమకు ఈ సంగతి బాగా తెలుసు. బి.కాం. చదివి, ఎవరూ చెప్పకుండానే ఒక రోజు మెట్లెక్కి వచ్చి, "నాకు పని నేర్పండి, జీతం సంగతి తరవాత చూద్దాం" అన్న పిల్ల ఆమె. లెక్క ఆమెకు నోటి మీదే. చోడవరంలో సొంత దుకాణం పెట్టాలని పట్టుదల. దానికి లైసెన్సు కావాలి, ముద్ర వేసిన ఇత్తడి గుండ్ల సెట్టు కావాలి, చిన్న గది అడ్వాన్సు కావాలి. అన్నీ కలిపి లక్ష. ఈ ఆగస్టుకల్లా లక్ష కూడుతుందని కిందటేడే గీసుకుంది. ఆగస్టు వచ్చింది. బ్యాంకులో ఉన్నది యాభై ఎనిమిది వేలు. ధరలు పెరిగాయి కదా అనుకుని, ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

ఆ రోజు మధ్యాహ్నం మాత్రం ఆమె అడగక తప్పలేదు, ఎందుకంటే గడువు సాయంత్రం అయిదు గంటలకే.

"మేస్త్రిగారూ, ఈ క్రెడిట్ కార్డుకి ఏడాది ఫీజు కట్టొచ్చా, కూడదా?"

మేస్త్రి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి కార్డు అందుకున్నాడు. వెండి రంగు కార్డు. అటూ ఇటూ తిప్పి, బల్ల అంచు మీద ఒకసారి తట్టి చూశాడు, అది కూడా కాటాయేమోనన్నట్టు.

"ఎంతేటి?"

"మొదటి ఏడాది సున్నా. ఇప్పటి నుంచి పన్నుతో కలిపి మూడు వేల అయిదు వందల ముప్ఫైతొమ్మిది. వద్దనుకుంటే అయిదులోపు ఫోన్ చేసి చెప్పాలి. లేకపోతే రేపు బిల్లులో పడిపోతుంది."

"లెక్క వేశావా?"

వేయకుండా ఉంటుందా! చొక్కా జేబులోంచి మడత కాగితం తీసింది. నెలకు పద్నాలుగు వేల అయిదు వందల ఖర్చు మీద వచ్చే పాయింట్లు ఏడాదికి మూడు వేల నాలుగు వందల ఎనభై రూపాయలకు సమానం. ఫీజు కట్టినందుకు వెయ్యి రూపాయల వోచరు. సినిమా టిక్కెట్లు పదహారు వందల విలువ అని బ్యాంకు చెప్పింది. అన్ని సినిమాలు ఎవరు చూస్తారని ఆమె సగానికి కోసింది. విమానాశ్రయంలో ఉచిత భోజనం అన్న చోట అడ్డంగా గీత కొట్టి ఉంది.

"ఇదెందుకు కొట్టేశావు?"

"నేనెప్పుడు విమానం ఎక్కాను మేస్త్రిగారూ?"

ఆయన మీసాల్లో నవ్వాడు. "మరింకేటి, లాభమే కదా?"

"పదిహేడు వందల నలభై ఒకటి లాభం. అదే నా అనుమానం" అంది హైమ, గొంతు తగ్గించి. "బ్యాంకువాడు నాకెందుకండీ లాభం ఇవ్వడం? నేనేమన్నా వాడి మేనకోడల్నా? షరతులన్నీ చదివాను. చిన్న అక్షరాలు ఫోన్‌లో పెద్దవి చేసి మరీ చదివాను. ప్రతి అంకెనీ తక్కువే కట్టాను. అయినా లాభమే వస్తోంది. ఎక్కడో తప్పుంది. దొరకడం లేదు."

మేస్త్రి నోరు తెరిచాడు. జవాబే చెప్పబోయాడేమో, ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే నూకరత్నం కాటాను చంటిపిల్లలా చంకనెత్తుకుని దుకాణంలోకి దూసుకొచ్చింది.

నూకరత్నం మార్కెట్టు మలుపులో చిల్లరగా బెల్లం అమ్ముతుంది. ఆమె గొంతు మామూలుగానే రెండు వీధులకు వినబడుతుంది. ఆ రోజు మూడు వీధులకు వినబడింది.

"మేస్త్రీ! ఇది దొంగ కాటానా కాదా, నువ్వే సెప్పు! నిన్న సాయంత్రం ఆ బళ్ళో పంతులమ్మ కిలో బెల్లం ఒకటీ, అరకిలో ఒకటీ పట్టికెల్లింది. అదేటో మనసాగక, వేరే కొట్టుకాడ తూయించిందంట. రెండిట్లోనూ ఇరవై గ్రాములు తక్కువంట! తిరిగొచ్చి, నలుగురి ముందరా 'ఏవమ్మా, నీకిది న్యాయమా' అంది. ఇరవయ్యేళ్ళ బట్టీ అమ్ముతన్నాను, ఒక్క మాట పడలేదు నాను. పక్క కొట్టు అప్పలకొండ అయితే పళ్ళికిలిస్తన్నాడు. రేపు తూనికలోళ్ళకి ఎవడైనా సెప్పినాడంటే కాటా లాక్కుపోతారు, నా పరువూ లాక్కుపోతారు."

"హైమా, చూడమ్మా" అన్నాడు మేస్త్రి, కాగితం మడిచి కాటా గుండు కింద పెడుతూ.

హైమ గోడ గడియారం చూసింది. మూడూ నలభై. జవాబు ఎగ్గొట్టడానికి మేస్త్రికి మంచి సాకు దొరికింది అనుకుంది. అయినా పని పనే. కాటా వైరు ప్లగ్గులో పెట్టింది. ఎర్ర అంకెలు గబగబా తిరిగి సున్నా దగ్గర ఆగాయి. కిలో గుండు పెట్టింది: ఒకటి, పక్కన మూడు సున్నాలు. అయిదు కిలోలు పెట్టింది: అయిదు. నాలుగు మూలలా జరిపి చూసింది. నూకరత్నం మాటలో నిజముందో లేదోనని లోపల్లోపల అనుమానపడుతూ, అడుగున సీలు ఎవరైనా విప్పారేమోనని టార్చి వేసి కూడా చూసింది. సీలు సీలులాగే ఉంది.

"నీ కాటా బంగారం పిన్నీ. ఒక్క గ్రాము తేడా లేదు."

"ఇన్నావా!" నూకరత్నం చేతులు తిప్పింది. "అయితే ఆ రెండో కొట్టోడిదే దొంగ కాటా! ఇప్పుడే ఎల్లి కడిగేస్తాను ఆడ్ని" అంటూ ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"ఆపకు" అన్నాడు మేస్త్రి. "కరెంటు అలా ఉండనీ. హైమా, పళ్ళెం ఒక్కటీ తీసి, వేడినీళ్ళతో కడిగి, తుడిచి మళ్ళీ పెట్టు."

పళ్ళెం పైభాగం అద్దంలా ఉంది. నూకరత్నం రోజూ తుడుస్తుంది. హైమ విసుగ్గా దాన్ని తిరగేసింది. అంచు మడత కింద చుట్టూతా, నల్లగా, గట్టిగా, వేలెడు వెడల్పున బెల్లం పాకం పేరుకుని ఉంది. ఎండకు కరిగి దిమ్మల నుంచి కారిందంతా అక్కడ చేరి, చల్లబడి, ఇనుములో ఇనుములా అయిపోయింది. రేకు ముక్కతో గీకి, వేడినీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, పళ్ళెం తీసుకొచ్చి కాటా మీద పెట్టింది.

అంకెలు తిరిగి ఆగాయి. ముందు ఒక చిన్న గీత. దాని పక్కన నూట అరవై.

"అదేటి, ఆ గీతేటి?" అంది నూకరత్నం.

"సున్నా కన్నా నూట అరవై గ్రాములు తక్కువ అని" అంది హైమ మెల్లగా.

"సున్నా కన్నా తక్కువేటుంటాది, నీ మొహం!"

మేస్త్రి అడిగాడు: "పళ్ళెం ఎప్పుడు కడిగావు రత్నం?"

"అమాసకి. కడిగి పసుపెట్టినాను కూడా."

అమావాస్య వెళ్ళి ఎనిమిది రోజులు. హైమ బుర్రలో భాగారం దానంతటదే జరిగిపోయింది. నూట అరవైని ఎనిమిదితో భాగిస్తే ఇరవై. ఒక్కసారిగా అంతా కళ్ళకు కట్టింది. రోజూ పగలల్లా ఇరవై గ్రాముల పాకం పళ్ళెం కిందకు చేరుతోంది. సాయంత్రం కొన్నవాళ్ళు, కిలో కొన్నా అరకిలో కొన్నా, ఆ ఇరవై గ్రాములకు డబ్బిచ్చి, బెల్లం అక్కడే వదిలి వెళ్తున్నారు. రాత్రి కాటా ఆపేస్తున్నారు. పొద్దున్న మళ్ళీ వేసినప్పుడు, పళ్ళెం మీద ఏముందో కాటా అడగదు. ఉన్నదాన్నంతా మింగి, 'సున్నా' అంటుంది. తనూ వెయ్యగానే ఆ సున్నానే చూసింది. ఆ సున్నా మీదనే గుండ్లన్నీ పెట్టి, బంగారం అని తీర్పు చెప్పేసింది.

అదే మాట నూకరత్నానికి విడమర్చి చెప్పింది. ఆమె గొంతు మొదటిసారి పక్క బల్లకు కూడా వినబడలేదు.

"నాను పెట్టనేదు మేస్త్రీ. నూకాలమ్మ తల్లి మీద ఒట్టు."

"నువ్వు పెట్టావని ఎవరన్నారు? అదే అంటుకుంది. తీపి కదా."

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని గుమ్మం వైపు తిరిగింది. "కాటా ఇక్కడే ఉండనీండి. ఆ పంతులమ్మ ఇల్లు రింగురోడ్డు కాడే. ముందు కిలో దిమ్మ పట్టుకెల్లి ఆ తల్లి సేతిలో పెట్టి వస్తాను. ఇకన పొద్దున్నొకసారి, మజ్జానమొకసారి కడుగుతాను. అప్పలకొండగాడికి మాత్రం సెప్పకండి, ఆడి కాటా ఏ శివరాత్రికి కడిగినాడో నాకెరికే." గుమ్మం దిగేసరికి ఆమె గొంతు మళ్ళీ రెండు వీధులకు వచ్చేసింది.

గడియారంలో నాలుగున్నర. మేస్త్రి గుండు ఎత్తి, కింద నుంచి మడత కాగితం తీసి, హైమ ముందుకు జరిపాడు.

"నీ లెక్క ఎక్కడ మొదలెట్టావమ్మా?"

హైమ కాగితం విప్పింది. ఆఖరి అంకెను ఎన్నిసార్లు చూసిందో. మొదటి అంకెను రాసిన రోజు తప్ప మళ్ళీ చూడలేదు. 'నెల ఖర్చు: 14,500.' అది ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కిందటి నెల బిల్లు చూసి రాసింది. ఉన్నదాన్ని ఉన్నట్టుగా తీసుకుని, అక్కడి నుంచి కూడికలు మొదలెట్టింది.

కార్డు రాకముందు నెలకు ఎంతయ్యేది?

పదకొండు వేలు. ఆ అంకె ఆమెకు బాగా గుర్తుంది. లక్షకు లెక్క గీసుకున్న రోజు వేసుకున్న అంకె అదే. ఈ ఏడాదిలో కొత్తగా వచ్చిపడిన అవసరం ఒక్కటీ లేదు. అద్దె అదే, బస్సు పాసు అదే. ధరల పెరుగుదల అనుకుంటే, బియ్యం బస్తా మీద పెరిగింది నూట యాభై. మరి మిగతాది? రెండు వేలు దాటితే అయిదు రెట్ల పాయింట్లని, పద్నాలుగు వందల బిల్లును పనిగట్టుకుని రెండు వేలు చేసిన రోజులు గుర్తొచ్చాయి. 'ఎలాగూ పాయింట్లు వస్తాయి కదా' అని కొన్న చెప్పుల జత, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఏ ఒక్కటీ పెద్దది కాదు. ఏ ఒక్కటీ ఎవరూ బలవంతాన అంటగట్టలేదు.

మూడు వేల అయిదు వందలు. పన్నెండు నెలలు.

ఈసారి భాగారం కాదు, హెచ్చవేత. నలభై రెండు వేలు. యాభై ఎనిమిదికి అది కలిపితే ఎంతవుతుందో ఆమెలాంటి మనిషికి వెయ్యనక్కరలేదు. కాటా మీద ఎర్రగా, ముందు చిన్న గీతతో, నూట అరవై ఇంకా వెలుగుతూనే ఉంది. హైమ దాన్ని చూసి, చెయ్యి చాచి ప్లగ్గు తీసేసింది.

ఫోన్ తీసి బ్యాంకు నంబరు నొక్కింది. పాట వినిపించింది, తెలుగుకు రెండు నొక్కమంది, ఇంకొంచెం పాట వినిపించింది. నాలుగూ యాభై రెండుకు ఒక మనిషి గొంతు వచ్చింది. చాలా మర్యాదైన గొంతు. కార్డు మూసెయ్యాలని హైమ చెప్పింది. ఎందుకని అడిగాడు. అక్కర్లేదంది. ఒక్క నిమిషం ఆగమన్నాడు. నిమిషం కాకముందే, శుభవార్త చెప్పేవాడి గొంతుతో తిరిగొచ్చాడు.

విన్నంతసేపూ హైమ ముఖంలో రంగులు మారాయి. ఫీజు లేకపోతే లాభం అయిదు వేల రెండు వందల ఎనభై; ఆ కూడిక ఆమె వద్దన్నా జరిగిపోయింది. ఫోన్‌ను అరచేత్తో మూసి, మేస్త్రి వైపు తిరిగింది.

"మేస్త్రిగారూ, నాలాంటి మంచి కస్టమర్ని వదులుకోలేరట. ఈ ఏడాది కూడా ఫీజు సున్నా చేస్తానంటున్నాడు."

మేస్త్రి రేకు ముక్కకు అంటిన బెల్లాన్ని చెంబులో నీళ్ళతో కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"సున్నా అన్నాడూ? అయితే ఇంకోసారి పళ్ళెం తిరగేసి చూడమ్మా."