నల్లపొర మీద దగ్గర దారి

అనగనగా ఒక ఎడారి. అడవి అయితే ఏ చెట్టు నీడనో కూర్చుని చెప్పేవాణ్ణి. ఎడారి కనుక నెత్తిన తువ్వాలు వేసుకుని చెబుతున్నాను, వినండి. ఈ కథలో ఒక సైకిల్ ఉంది. నాకు సైకిల్ రాదు. ఆ సంగతి మా వీధి కుక్కలకు కూడా తెలుసు, నేను ఎక్కగానే అవి లేచి అరుగు మీదికి పోతాయి. అందుకే సైకిల్‌ను ఒక ముంగిసకు ఇచ్చేశాను. మాట్లాడే ముంగిసను ఒప్పుకున్నవాళ్ళు దాని సైకిల్ దగ్గర పేచీ పెట్టకూడదు.

ఆ ముంగిస పేరు కుచ్చన్న. వాడికి కుచ్చులాంటి తోక ఉంది, దొడ్డు టైర్ల కొండ సైకిల్ ఉంది, ఒక బొరియ ఉంది. పలకరించేవాళ్ళే లేరు. పొద్దున్నే లేచి, "బాగున్నావా కుచ్చన్నా?" అని తనే అడిగేవాడు. "ఏదో, ఉన్నాను" అని తనే చెప్పుకునేవాడు.

ఎడారి అవతలి అంచున, ఒక తుమ్మపొద కింద, చిప్పవ్వ అనే ముసలి తాబేలు ఉండేది. కుచ్చన్నకు లోకంలో అయినవాళ్ళంటే ఆ అవ్వే. అవ్వకు కుచ్చన్నే.

ఇద్దరికీ మధ్య నల్లపొర ఉంది. చూడ్డానికి మాడిన అట్టులా నల్లగా, గరుకుగా ఉంటుంది. కానీ అది ప్రాణమున్న పొర. కంటికి ఆనని సన్నటి నాచు ఇసుకను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. అది పట్టుకున్నంతకాలం గాలి ఇసుకను లేపలేదు. ఒక్కసారి నలిగిందా, మళ్ళీ అతకడానికి ఒక బతుకంతా పడుతుంది.

అందుకే ఆ ఎడారిలో ఒక కట్టుబాటు ఉండేది. సైకిల్ మీద పోయేవాళ్ళు ఎండిన వాగులోనో, బండల మీదో, ఉన్న పాతదారిలోనో పోవాలి. ఎవరింటికి వెళ్ళినా ముందు చక్రాలు చూపించాలి, ఆ తర్వాతే పలకరించాలి. చక్రానికి నల్లటి పొడి అంటి ఉంటే ఆ చుట్టానికి మంచినీళ్ళు కూడా దొరకవు.

కుచ్చన్న వాగుదారిన చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. తెల్లారి బయల్దేరితే చేరేసరికి పొద్దు వాలేది. రెండు మాటలు మాట్లాడేలోపే, "ఇక బయల్దేరు నాయనా, చీకటి పడేలోపు బండలైనా దాటాలి" అనేది అవ్వ. ఆ రెండు మాటల కోసం అంత దూరం.

ఒకరోజు వాడికి అనిపించింది. అడ్డంగా పోతే? ఒక్కసారికి ఏమవుతుంది?

పోయాడు. చక్రాల కింద నేల అప్పడంలా పటపటమంది. మధ్యాహ్నానికే అవ్వ ముందు వాలి, అలవాటు ప్రకారం చక్రాలు చూపించాడు. చూపించాక గుర్తొచ్చింది, తోక అడ్డం పెట్టాడు.

అవ్వ నల్లటి పొడి చూసింది. వాడి వెనక నేల మీద సాగిన గీతనూ చూసింది. మాట నోటిదాకా వచ్చింది. కానీ ఇంకా ఎంత పొద్దు మిగిలి ఉందో కూడా చూసింది. అంత పొద్దు ఆమెతో గడిపినవాళ్ళు ఎవరూ లేరు.

"రా నాయనా, కూర్చో" అంది. అంతే అంది.

రెండోసారి కుచ్చన్న ఇంకోచోటి నుంచి దూసుకొచ్చాడు.

"మొన్నటి గీత మీద రాలేదవ్వా" అన్నాడు గొప్పగా. "పాపం, అక్కడే మళ్ళీ తొక్కితే నొప్పి కదా, పక్కనుంచి వచ్చాను."

"వీపు మీద ఒకచోట వాత పెట్టి, అక్కడే పెడితే నొప్పని పక్కన ఇంకోటి పెట్టాడట నీలాంటి దయగలవాడు" అంది అవ్వ.

కుచ్చన్న తల దించుకున్నాడు. "చుట్టుదారిన వస్తే నీ దగ్గర ఉండే పొద్దేదీ?"

"ఉన్నంతసేపే ఉండు. చుట్టూ తిరిగే రా." ఆ మాట చెప్పేటప్పుడు అవ్వ మొహం చిప్పలోకి లాక్కుంది.

మూడోసారి బయల్దేరినప్పుడు కుచ్చన్న వాగు దగ్గర ఆగాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. ఇవాళ్టికి మాత్రమే అనుకుని హ్యాండిల్ అడ్డదారికే తిప్పాడు.

ఈసారి పొర మీద తన గీతలే కాదు, ఇంకా చాలా కనిపించాయి. గీతలు చూసి ఇదే దారి అనుకుని నక్కలు తొక్కాయి, నక్కలను చూసి కుందేళ్ళు తొక్కాయి.

సగం దూరంలో ఉండగానే ఈదురుగాలి లేచింది. పట్టు వదిలిన ఇసుకంతా ఒక్కసారి పైకి లేచి, కుచ్చన్న కంటే ముందే అవ్వ ఇంటికి చేరింది.

వాడు వెళ్ళేసరికి తుమ్మపొద కొమ్మల చివర్లు మాత్రమే పైకి ఉన్నాయి. దాని కింద అవ్వ బొరియ లేదు. అవ్వ మేసే గడ్డి లేదు. కుచ్చన్న సైకిల్ పారేసి పిచ్చిపట్టినట్టు తవ్వాడు. చివరికి గోళ్ళకు చిప్ప తగిలింది.

అవ్వ కళ్ళు తుడుచుకుని, "చక్రాలు చూపించలేదే ఇవాళ" అంది.

వాడు ఇసుకలో పడున్న సైకిల్ వైపు చూశాడు.

"నీ ఒక్కడి తప్పు కాదులే. మొదటిరోజే చెప్పాల్సింది. చెబితే నువ్వు తొందరగా రావేమోనని మింగాను. నీ ఆశ చక్రాల్లో ఉంది, నా ఆశ నోట్లో ఉంది."

"ఇక్కడే ఉండవ్వా. రోజూ వచ్చి తవ్విపెడతాను."

"గాలి కూడా రోజూ వస్తుంది కదా నాయనా."

అవ్వ ఎర్రగుట్టల వైపు బయల్దేరింది. అవి ఇంకా దూరం. కుచ్చన్న సైకిల్ నడిపించుకుంటూ, వాగుదారిన ఆమె పక్కనే నడిచాడు. తాబేలు పక్కన నడిచి చూడండి, మాట్లాడుకోవడానికి బోలెడంత పొద్దుంటుంది. అన్నాళ్ళూ వెతికిన పొద్దు అదే. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

తర్వాత కుచ్చన్న తన గీతలు మొదలైన ప్రతిచోటా రాళ్ళు పేర్చి, ముళ్ళకంప అడ్డం పెట్టాడు. అవ్వను చూడాలంటే ఇప్పుడు దారిలో ఎక్కడో పడుకుని, మర్నాడు చేరాలి. అయినా వెళ్తాడు. మోకాళ్ళు నొప్పి పుట్టేవరకూ అలా వెళ్తూనే ఉన్నాడు.

అలా వెళ్తుంటే ఒకసారి కొత్త సైకిల్ మీద ఒక కుందేలు ఎదురైంది.

"మామా, ఇక్కడెక్కడో దగ్గర దారి ఉందట కదా?"

కుచ్చన్న దిగి, ముందు తన చక్రాలు చూపించాడు. తర్వాత ముళ్ళకంప వైపు చూశాడు.

"ఉంది బాబూ, చాలా దగ్గర" అన్నాడు. "కానీ దాని చివర ఇప్పుడు ఎవరూ లేరు."

నీతి: అయినవాళ్ళను తొందరగా చేరాలని వాళ్ళ కింది నేలను నలగ్గొట్టకూడదు, చుట్టైనా సరే, ఉన్న దారినే పోవాలి.